ఇంటిని వెంటబెట్టుకొని చేయు ప్రయాణము

(మన పాఠశాల వార్షికోత్సవమున చేసిన ప్రసంగ పాఠము)



ప్రయాణములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని సంఘమువారు నన్ను కోరిరి. తోరణగల్లులో ఈ విషయమును చెప్పుట కష్టము కాదు. ఏలయన, ఇచ్చట నివసించువారిలో పెక్కుమంది ఏదో యొక దినమున మూటాముల్లె కట్టుకొని రైలుననో, బస్సుననో, లారిమీదనో వచ్చి దిగినవారే. ఉక్కు కర్మాగారము వెలసిన పిమ్మట అన్ని దిక్కులనుండియు జనము ఇచ్చటికి చేరినారు. ఊరి పేరునందే ‘తోరణము’ ఒకటి, ‘కల్లు’ ఒకటి కలసియున్నవి. కన్నడమున కల్లనగా రాయి. తోరణమును రెండు భాషలవారును కట్టుకొందురు. రాయిని మాత్రము కన్నడమువారికి విడిచితిమి.

మీలో కొందరు సినిమాలలోను చేతిఫోనులలోను ఒక దృశ్యమును చూచియుందురు. అమెరికాదేశమున ఒక కారు పోవుచుండును. దాని వెనుక కొక్కెమునకు తగిలింపబడి, తెల్లని పెట్టెవంటి చిన్న యిల్లొకటి చక్రములపై దొర్లుచు వచ్చుచుండును. దానియందు పడక యుండును, పొయ్యి యుండును, నీళ్లతొట్టి యుండును, స్నానమునకు మరుగు ఉండును. దానిని ట్రైలరనియు, కారవాననియు, క్యాంపరనియు అచ్చటివారు పిలుతురు. మనము బండియిల్లు అందము. ఉద్యోగమునుండి విరమించిన దంపతులు తూర్పు సముద్రతీరమున బయలుదేరి పడమటి సముద్రమువరకు మూడువేల మైళ్లు ఇట్లు పోవుట అచ్చట వింత కాదు. త్రోవలో చిన్ననాటి స్నేహితుని యింటిముందు బండి నిలుపుదురు. పగలెల్ల అతనితో ముచ్చటించి, రాత్రికి తమ పెట్టెయింటిలో తాము పరుందురు. మన యిండ్లలో ఎవరైన ఇట్లు చేసినచో ఇంటి యిల్లాలు ఊరకుండునా? “మా యింట నీకు చాప వేయుటకు చోటు లేకపోయెనా, నాయనా?” యని నొచ్చుకొని, బండి తాళపుచెవి లాగుకొని దాచును.

ఆ బండియింటిని లాగుకొని పోవుటలో ఒక మెలకువ యున్నది. బండి మొత్తపు బరువులో నూటికి పది మొదలు పదునైదుపాళ్లు కారు కొక్కెముమీద పడునట్లు సామాను సర్దవలెనని అమెరికాలో నియమము. వెనుక బరువు హెచ్చినచో, వేగముగా పోవునపుడు బండి పాముతోకవలె ఇటునటు కొట్టుకొని తుదకు కారునుగూడ పడద్రోయును. ముందు బరువు మితిమీరినచో కారు వెనుకభాగము క్రుంగి, ముందు చక్రములకు నేలపై పట్టు సడలును. ఇది ఇంజనీర్లు చెప్పు లెక్క. మన సండూరు తాలూకా రైతు ఇంజనీరింగు చదువకయే దీని నెరుగును. జొన్నమూటలు వేసిన బండికి వెనుక మొగ్గు హెచ్చినచో కాడి పైకి లేచి మెడత్రాడు ఎద్దుల గొంతులకు బిగియును. ముందు మొగ్గు హెచ్చినచో వాని మెడలు పుండ్లు పడును. అందుచేత అతడు బండి నింపునపుడు నొగను చేతితో ఎత్తి చూచి, మూటను ఇరుసునకు ఇటో అటో జరుపును. ఎద్దు పోయి కారు వచ్చెను గాని ఇరుసు ధర్మము మారలేదు.

విహారమునకై ఇట్టి బండియింటిని మొదట కట్టించుకొన్నవాడు విలియం గార్డన్ స్టేబిల్సు అను స్కాట్లండు వైద్యుడని చెప్పుదురు. ఆయన పూర్వము నౌకాదళమున పనిచేసినవాడు. 1885లో ‘వాండరర్’ అను పేరుగల బండిని బ్రిస్టలు పట్టణమున చేయించి, రెండు గుఱ్ఱములను కట్టించి, దక్షిణ ఇంగ్లండునుండి స్కాట్లండువరకు పోయెను. ఇరుకు దారులలో ఎదురు బండ్లు వచ్చునేమోయని సేవకు డొకడు మూడుచక్రముల సైకిలుపై ముందుగా పోయి హెచ్చరించుచుండెనట! తరువాత మోటారుబండ్లు వచ్చినవి. 1959లో వాలీ బయమ్ అను అమెరికను వ్యాపారి నాయకత్వమున పలు కుటుంబములు, వెండివలె మెఱయు ఎయిర్‌స్ట్రీము బండియిండ్లను లాగుకొని, ఆఫ్రికా దక్షిణాగ్రముననున్న కేప్‌టౌనునుండి ఉత్తరమున కైరోవరకు పోయినవి. బాటలు సరిగా లేని చోట్ల వారు పడిన పాట్లు ఒక పెద్ద గ్రంథమునకు చాలును.

అయినను, ఇంటిని వెంటబెట్టుకొని తిరుగుట దొరలు కనిపెట్టిన విద్య కాదు. మన సండూరు కొండలచుట్టు నున్న తాండాలను చూడుడు. లంబాడీల పూర్వులు వేలకొలది ఎద్దులమీద ఉప్పును, ధాన్యమును వేసికొని, ఆలుబిడ్డలతో, కోళ్లతో, కుక్కలతో దక్కను నంతటిని నడచినవారు. సేనలకు తిండి చేర్చినవారు వారే. బాటలు వేయబడి, రైళ్లు నడిచిన తరువాత వారి వర్తకము పడిపోయి, వారు ఎక్కడివారక్కడ నిలిచిపోయిరి. వారి యింటి భాష నేటికిని తాండాలలో బ్రతికియున్నది. వారు నడచినంత దూరము నే నిప్పుడు చెప్పబోవు పెద్దమనిషి నడవలేదు. అయినను వారి ప్రయాణములలో ఒక్కటియు, ఏ దినమున ఏ చెరువుగట్టున దిగిరో తెలుపునట్టి పుస్తకము మనకు లేదు.

దత్తమండలములు 1800లో కుంఫిణీవారికి వచ్చినపుడు వాటికి ప్రధాన కలెక్టరైన తామస్ మన్రోగూడ గుడారములలో కాపురమున్నవాడే. గ్రామగ్రామమునకు పోయి శిస్తులు నిర్ణయించుచు 1807వరకు ఆయన ఈ సీమలలో తిరిగెను. ఆ కాలపు అధికారులకు రెండు జతల డేరాలుండెడివి. ఒక జతలో దొర నిద్రించుచుండగా రెండవ జత రాత్రియే తరువాతి మజిలీకి పోయి తెల్లవారుసరికి నిలిచియుండును. అనగా ఇల్లు వెనుక రాదు, ముందు పోవును! మన్రో తుదకు 1827లో, మద్రాసు గవర్నరుగా నుండి సంచారమునకు వచ్చి, పత్తికొండలో కలరా తగిలి మరణించెను. ఈ ప్రాంతపు పల్లెలలో బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి. పన్ను వసూలుచేసిన వానిపేరు బిడ్డకు పెట్టుకొనుట అరుదు సుమా!

ఇక అసలు విషయమునకు వచ్చుచున్నాను.

మన్రో మరణించిన మూడేండ్లకు, 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి ఏనుగుల వీరాస్వామయ్యగారు కాశికి బయలుదేరిరి. ఆయన 1780లో జన్మించిరి. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ద్విభాషి. అనగా కక్షిదారుల మాటను న్యాయాధిపతికిని, న్యాయాధిపతి మాటను కక్షిదారులకును తెలియజెప్పు ఉద్యోగము. ఇట్టి ఉద్యోగికి భాష తేలికగా పలుకవలెను. తప్పు పలికినచో ఒకని ఆస్తియో ప్రాణమో పోవును. ఆయన వెంట కుటుంబమువారు, బంధుమిత్రులు, పరివారము కలసి సుమారు నూరుగురు నడచిరి. పల్లకీలు మోయు బోయీలు, డేరాలు, వంటపాత్రలు, నిత్యపూజకు కావలసిన సామగ్రి, అన్నియు వెంట పోవలసినవే. నేడు ఇద్దరు మనుష్యులు ఒక కారుతో చేయు పనిని నాడు నూరుగురు చేసిరి. బయలుదేరినది ఎండాకాలపు చివర. దక్కను మైదానము చేరునప్పటికి వానలు పట్టుకొనవలసిన ఋతువు. తడిసిన డేరా బరువు మోసినవానికే తెలియును.

ఆయన మార్గమును మీరు పటముమీద వ్రేలితో గీసికొనుడు. తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము. ఆమీద కృష్ణను దాటి వనపర్తి, హైదరాబాదు. అచ్చటినుండి నిర్మలు, నాగపూరు, జబ్బలుపురము, రీవా, మీర్జాపూరు, ప్రయాగ, కాశి. గంగమీద కొంతదూరము పడవలు. పిమ్మట గయ, పాట్నా, కలకత్తా. తిరుగుదారిలో కటకము, జగన్నాథము, గంజాము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, నెల్లూరు. తుదకు 1831 సెప్టెంబరు 3వ తేదీన చెన్నపట్టణము. మొత్తము పదునైదు నెలల పదునైదు దినముల పదునైదు గంటలని లెక్క చెప్పుదురు. అరవసీమలో బయలుదేరి, తెలుగు, మరాఠీ, హిందీ, వంగ, ఒరియా సీమలను దాటి, మరల తెలుగు సీమ మీదుగా ఇల్లు చేరిన ప్రయాణ మిది. మన బళ్లారి ఆయన మార్గమున లేదు. కాని ఆయన దాటిన కృష్ణలో మన తుంగభద్ర నీళ్లున్నవి. ఆ నదులను దాటుటకు ఆ కాలమున సాధనము వెదురుతట్టకు తోలు కప్పిన పుట్టియే. ఆ పుట్టిని హంపివద్ద మీరు నేటికిని ఎక్కవచ్చును.

ఆ దూరము నేడెంత? మన యూరినుండి 67వ జాతీయ రహదారిపై తూర్పుగా బళ్లారి, గుంతకల్లు దాటి గుత్తి చేరుడు. అచ్చట ఉత్తరమునకు తిరిగినచో 44వ జాతీయ రహదారి దొరకును. కర్నూలు, హైదరాబాదు, నిర్మలు, నాగపూరు దానిమీదనే వచ్చును. నాగపూరు దాటిన తరువాత లఖనాదోనువద్ద జబ్బలుపురమువైపు మరలి, రీవా మీదుగా మీర్జాపూరు, కాశి చేరవచ్చును. 2010లో రహదారుల సంఖ్యలు మార్చుటకు పూర్వము, కాశినుండి కన్యాకుమారివరకు ఈ బాటకంతటికి 7వ సంఖ్య యుండెడిది. హైదరాబాదునుండి మీర్జాపూరువరకు వీరాస్వామయ్యగారు నడచినది ఇంచుమించుగా ఈ దారియే. అనగా రెండువందల యేండ్ల తరువాతను లారీలు పోవునది ఆ బాటసారుల జాడనే. శివనీ ప్రాంతపు పెంచ్ అడవిలో ఇప్పుడు రహదారిని స్తంభములపై పైకెత్తి, పులులు క్రిందుగా దాటుటకు దారి విడిచినారు. నాడు మనుష్యులు పులికి దారి విడుచుటకు ఇంజనీరు అక్కరలేకపోయెను.

మన యూరినుండి బళ్లారి ముప్పది కిలోమీటర్లకు కొంచె మటునిటుగా నుండును. మీ రది బస్సులో గంటలోపల పోవుదురు. కిటికీచెంత కూర్చున్నను ఏమియు చూడరు. దినమునకు ఒక ఆమడ నడచు పరివారమునకు అది రెండు మజిలీలు. మొదటి రాత్రి ఎక్కడ దిగవలెను? అచ్చట మంచినీళ్లున్నవా? నూరుగురికి బియ్యము దొరకునా? చెట్లనీడ యున్నదా? దొంగలభయ మున్నదా? ఈ ప్రశ్నలే వీరాస్వామయ్యగారి పుస్తకమునిండ నున్నవి. ప్రతి మజిలీకి ఊరు ఎట్టిదో, బాట ఎట్టిదో, నీళ్లెట్టివో, అంగళ్లలో ఏమేమి దొరకునో ఆయన వ్రాసిరి. నైజాము సీమలో జమీందారుల కలహములవలన రైతులు పడు బాధలనుగూడ వ్రాసిరి. దేవాలయముల పూజలతోబాటు అచ్చట యాత్రికులనుండి లాగు రుసుములను వ్రాసిరి. కాశీయాత్ర చేసినవారు ఆయనకు పూర్వము వేలకొలది యున్నారు. వారందరును పుణ్యము తెచ్చుకొనిరి. ఈయన పుణ్యముతోబాటు బాటనుగూడ తెచ్చి మన కిచ్చెను.

ఈ వ్రాత ఎందువలన కలిగెనో మీకు చెప్పవలెను. వీరాస్వామయ్యగారికి చెన్నపట్టణమున కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెగారను స్నేహితు డుండెను. విద్యాభిమాని. తాను వెంట రాలేకపోయెను గనుక, చూచిన విశేషములను వ్రాసి పంపుచుండుమని మిత్రుని కోరెను. అంతియే. గ్రంథకర్త కావలెనను సంకల్పము కాదు. ఇంటివద్ద నొకడు ఎదురు చూచుచున్నాడు గనుక, దినమంతయు నడచి అలసినను దీపమువద్ద కూర్చుండి వ్రాయవలసి వచ్చెను. స్నేహితునికి వ్రాయునపుడు కావ్యభాష పనికిరాదు గదా! అందుచేత ఆయన తాను చెన్నపట్టణమున మాటాడు తెలుగుననే వ్రాసెను. అందు మజిలీ యున్నది, బస్తీ యున్నది; అరవపు పలుకుబడి యున్నది, తురకపు మాటలున్నవి. పండితులు దానిని చూచి మొగము చిట్లింపవచ్చును. నేను సాధారణముగా గ్రాంథికమునే మెచ్చువాడను. ఈ ప్రసంగమును గ్రాంథికముననే చేయుచున్నాను. అయినను ఆ పుస్తకము చదువునపుడు నాకు వ్యాకరణము జ్ఞప్తికి రాదు. ప్రక్కన కూర్చుండి ఒక పెద్దమనిషి చెప్పుచున్నట్లే యుండును.

ఇప్పుడు మన మాట.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు పోయినవి. బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. తాలూకాలను విభజింపవచ్చును గాని బంధుత్వములను తాలూకాలవారీగా విభజించుట ఏ సంఘమువలనను కాదు. మేనత్త రాయదుర్గమున, మేనమామ బళ్లారిలో, అక్కగారిల్లు గుంతకల్లులో. ఆ తరమువారికి ప్రయాణమనగా బంధువుల యిండ్లకు పోవుటయే. సెలవులలో నెలదినములు తిరిగి వచ్చుటయే. పోయినవారు క్షేమముగా చేరితిమని కార్డుముక్క వ్రాసెడివారు. ఆ కార్డులు తెలుగుననే యుండెడివి. వ్రాసినవానికి కన్నడము చక్కగా వచ్చినను, అత్తకు వ్రాయునది మాత్రము తెలుగుననే.

మన పిల్లలు నేడు కన్నడము చదువుచున్నారు, ఆంగ్లము చదువుచున్నారు. చదువవలసినదే, ఈ నేలమీద బ్రతుకువారికి ఈ నేలభాష రాకుండుట మర్యాద కాదు. తెలుగు మాత్రము నోట నున్నది, చేతిలో లేదు. మా వీధిలో ఒక బాలుడు రోజూ అవ్వతో ఫోనులో గంటసేపు ముచ్చటించును. అవ్వ వ్రాసిన ఉత్తరమును చదువుమన్నచో తండ్రికి అందించును. ఆ తండ్రి లారి నడుపును. ఇనుపరాతి లారీలు, ఉక్కుచుట్టలు మోయు లారీలు ఈ బాటలో రాత్రింబగళ్లు పోవుచుండుటను మీ రెరుగుదురు. వానిని నడుపువారే మన కాలపు బండియింటి కాపురస్థులు. డ్రైవరుసీటు వెనుక పడక, ప్రక్కన చిన్నపొయ్యి, అద్దముపైన దేవుని పటము, బిడ్డల పేర్లు. నాగపూరో రాయపూరో చేరి, సరకు దించుటకు రెండు మూడు దినములు వరుసలో నిలిచియుందురు. వీరాస్వామయ్యగారు చూచినదానికి పదిరెట్లు దేశమును వారు చూచియున్నారు. ఏ యూరిలో నీళ్లు మంచివో, ఏ ఘాటువద్ద లారి మొరాయించునో, ఏ దాబావాడు న్యాయముగా తూచునో వారికి కంఠస్థము. వారిని ‘వ్రాసి పంపుము’ అని అడిగిన శ్రీనివాస పిళ్లె ఒక్కడును లేకపోయెను.

ఆ స్నేహితుడు అడిగి ఊరకుండలేదు. వచ్చిన జాబులను దాచెను. వీరాస్వామయ్యగారు 1836లో కాలధర్మము నొందిరి. 1838లో శ్రీనివాస పిళ్లెగారు ఆ వ్రాతలను ‘కాశీయాత్ర చరిత్ర’ యను పేర అచ్చువేయించిరి. 1869లో మరల ముద్రితమయ్యెను. పిదప చాలకాలము దొరకకుండగా, 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు శ్రమపడి, వివరణములతో ప్రకటించిరి. 1973లో ఆంగ్లానువాదము వెలువడెను. ఒక మిత్రుని కోరికనుండి పుట్టిన జాబులు ఇంతదూరము ప్రయాణము చేసినవి.

అందుచేత సంఘమువారికి ఒక విన్నపము చేసితిని. వారును, పత్రికా సంపాదకులగు ఉపాధ్యాయులును అంగీకరించిరి. రానున్న వేసవిసెలవులలో మన పాఠశాల పిల్లలలో ఎవరు ఏ యూరికి పోయినను, అది కాశి కానక్కరలేదు, కొట్టూరో, ఆదోనియో చాలును, దినమునకొక పుటచొప్పున తెలుగున వ్రాసి తేవలెను. ఎవరింట దిగితిరి? దారిలో ఏ యూరివద్ద భాష మారెను? నీళ్లెట్లున్నవి? ఏమి తింటిరి? తప్పులున్నను దిద్దుటకు మేము కలము పట్టము. అక్షరములు చదువుటకు వీలైనచో చాలును. తండ్రి లారి నడుపువారైనచో, ఆయన చెప్పుచుండగా బిడ్డ వ్రాయవచ్చును; ఆ వ్రాతకు ఇద్దరి పేర్లు వేయుదురు. ఆ పుటలలో కొన్ని వచ్చే సంచికయందు ముద్రింపబడును. తొలిసారిగా వ్రాయువారికి ఇచ్చుటకై ఇరువదినాలుగు నోటుపుస్తకములు ప్రధానోపాధ్యాయులవారి బల్లమీద నుంచితిని. సెలవు.